గొడుగు కింద చీటీ

కృష్ణ సముద్రంలో కలవడానికి కాస్త ముందు, రేపల్లె దిగువన, ఒక రేవు ఉండేదట. వంతెనలు లేని కాలం. ఇవతలి ఒడ్డు ఒక రాజుది, అవతలి ఒడ్డు మరో రాజుది. కాలువలు కట్టేశాక ఇవతల కూలి దొరకదు. అవతల ఏడాది పొడుగునా పనే. అందుకని జనం దాటేవాళ్లు. దాటినవాళ్లు అవతలి గట్టుమీద ఠాణాలో చీటీ చూపించాలి. ఎవరు, ఎవరింటికి, ఏ పనికి, ఎన్నాళ్లకి, ఎంత కూలికి అన్నవి అందులో రాసి ఉండాలి. చీటీ లేనివాళ్లని పట్టుకుని కొట్లో వేసేవారు.

రేవులో రావిచెట్టు కింద ఒకాయన పెద్ద తాటాకు గొడుగు పాతుకుని కూర్చునేవాడు. ఆయన పేరేమిటో ఎవరికీ పట్టలేదు, అందరికీ గొడుగాయనే. తొలి పడవకి ముందే వచ్చేవాడు, చివరి పడవ కదిలాకే లేచేవాడు. వచ్చినవాళ్లని "రా తల్లీ, కూచో, ముందు మంచినీళ్లు తాగు" అనేవాడు. చేతిలో డబ్బు లేదంటే "పని దొరికాక ఇద్దువుగానిలే, వేలిముద్ర వెయ్యి" అనేవాడు. ఎవరింట్లో పెళ్లో, ఎవరింట్లో చావో అన్నీ ఆయనకి గుర్తే. అప్పుకి వడ్డీ ఎంతన్నది మాత్రం దాటినవాళ్లకి అవతలి ఒడ్డున తెలిసేది.

రేవుకి అరక్రోసు దూరంలో, మిట్టమీద, రాతి సత్రం ఒకటి ఉంది. అందులో ఇవతలి రాజు ఒక రాయసగాణ్ని పెట్టాడు. వలసపోయే పేదలకి చీటీ రాసివ్వడం, ఎవరైనా రాసిన చీటీ తెస్తే చదివి అర్థం చెప్పడం ఆయన కొలువు. చిల్లికాసు పుచ్చుకోకూడదని ఆజ్ఞ. ఆ ఆజ్ఞని సత్రం గోడమీద నిలువెత్తు శాసనంగా చెక్కించారు. చదువు రానివాళ్ల కోసం పెట్టిన కొలువు గురించి రాతిమీద రాయించాలన్న ఆలోచన ఏ మంత్రిదో మరి! మెట్లెక్కి వెళితే వాకిట్లో బంట్రోతు ఉండేవాడు. "ఎవరు పంపారు? ఏం పని? రేపు రా" అనేవాడు. రాయసగాడు చెడ్డవాడు కాదు. పొద్దున్నే కలం చెక్కుకుని, సిరా కలుపుకుని కూర్చునేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. మధ్యాహ్నానికి కునుకు పట్టేది.

ఆ ఊళ్లో ఒక ముసలమ్మ, ఆమెకి ముగ్గురు కోడళ్లు. కొడుకులు ముగ్గురూ ఒకే తుపానులో వేటకి పోయి తిరిగి రాలేదు.

పెద్దకోడలు మొదట బయల్దేరింది. ముక్కుపుడక గొడుగాయన చేతిలో పెట్టి చీటీ రాయించుకుంది. "ఏం రాశావు బాబాయ్?" అంటే "వంటపని, నెలకి పది రూకలు, రెండేళ్లు" అన్నాడు. ఆమె వేలిముద్ర వేసి పడవెక్కింది. అవతల యజమాని చీటీ తీసుకుని పెట్టెలో వేసుకున్నాడు, తిరిగి ఇవ్వలేదు. అందులో ఉన్నది వేరు. ఏడేళ్లు, చెప్పిన పనల్లా చెయ్యాలి, నెలకి మూడు రూకలు, మధ్యలో ఇల్లు వదిలి పోతే దొంగతనం కింద లెక్క. ఇవి ఆమెకి తెలియడానికి ఏడాది పట్టింది. పడవవాళ్లు అప్పుడప్పుడూ కబురు తెచ్చేవారు: "మీ పెద్దకోడలు పెరటిగోడ దాటి బయటికి రాటంలా."

అది విని నడిపికోడలు ఒక నిర్ణయానికి వచ్చింది. "అక్క చీటీ వల్లేగా చిక్కింది? నాకసలు చీటీయే వద్దు." చీకట్లో వేటపడవలో దాటింది. పని దొరికింది కూడా. యజమాని రెండు నెలల కూలి ఎగ్గొట్టినా ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే వాళ్లు ముందడిగేది చీటీ. జ్వరమొస్తే వైద్యుడి గడప తొక్కలేదు. కన్నతల్లి పోయిందని కబురొస్తే, ఇవతలికి రావాలన్నా ఠాణా ముందునుంచే రావాలి గనక, రాలేకపోయింది.

ఇక మిగిలింది చిన్నకోడలు. పెద్దదాని పిల్లలు కూడా ఆమె చేతికిందే పెరుగుతున్నారు. వెళ్లక తప్పదు. ముసలమ్మ "ఈసారి నేనూ వస్తా పద" అని లేచింది. ఇద్దరూ నేరుగా గొడుగాయన దగ్గరికే వెళ్లారు. ఇంత జరిగాక కూడానా అని మనకి అనిపిస్తుంది. కానీ ఆ ఊళ్లో చీటీ అంటే గొడుగాయనే, మరో దారి ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆయన ఎప్పట్లాగే కూచోమన్నాడు, నీళ్లిచ్చాడు, చీటీ రాశాడు. ముసలమ్మ అంది: "ఓసారి చదివి వినిపించు నాయనా."

ఆయన గడగడా చదివాడు. వంటపని, పది రూకలు, రెండేళ్లు.

"చెవులు సరిగా వినపడవు. మళ్లీ చదువు."

మళ్లీ చదివాడు. ఈసారి నోటికి మూడేళ్లని వచ్చింది. ముసలమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా ఒక కాగితాన్ని రెండుసార్లు చదివితే ఒకేలా ఉండాలని ఆమెకి తెలుసు. చీటీ కొంగున కట్టుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. "నాలుగక్షరాలొచ్చినోళ్లు ఇంకెవరన్నా ఉన్నారేమో చూద్దాం పదవే." పడవవాడొకడు మిట్ట వైపు చెయ్యి చూపించాడు.

బంట్రోతు మామూలుగానే "రేపు రా" అన్నాడు. "అట్టాగేలే, రేపటిదాకా ఈడే కూచుంటా" అని ముసలమ్మ మెట్టుమీద చతికిలబడింది. ఆమె దగ్గుకే రాయసగాడికి మెలకువొచ్చిందంటారు. చీటీ తీసుకుని చదివాడు. ఏడేళ్లు. మూడు రూకలు. ఉన్నదున్నట్టు చదివి, ఏ మాట ఏ కష్టం తెస్తుందో ఒక్కొక్కటే విడమర్చాడు. "ఇందులో యజమాని పేరుంది, ఊరు లేదు. నువ్వెవరి ఇంటికి వెళుతున్నావో తెలియకుండా ఎలా వెళతావమ్మా?" అన్నాడు.

కొత్త చీటీకి నాలుగు రోజులు పట్టింది. ఆ యజమాని ఉన్నాడో లేడో కనుక్కోమని అవతలి ఠాణాకి రాసి జవాబు తెప్పించాడు మరి. "ఈ నాలుగు రోజుల కూలి ఎవడిస్తాడు?" అని చిన్నకోడలు విసుక్కుంది. ఆమె విసుగులో న్యాయం ఉంది. చివరికి రెండు ప్రతులు రాశాడు. ఒకటి ఆమె చేతికి, రెండోది ముసలమ్మ చేతికి. ముసలమ్మ దాన్ని బియ్యపు కుండలో అడుగున పెట్టింది.

ఏడాది తిరిగేసరికి చిన్నకోడలి యజమాని నాలుగు నెలల కూలి ఆపేశాడు. చీటీ కూడా లాక్కున్నాడు. కబురు అందగానే ముసలమ్మ కుండలో ప్రతి తీసి సత్రానికి నడిచింది. రాయసగాడు ఠాణాకి రాశాడు, ఠాణా యజమానిని పిలిచింది. మూడు నెలల కూలి వచ్చింది, ఒక నెలది రాలేదు. పెద్దకోడలి సంగతీ కదిపారు. ఆమె చీటీకి రెండో ప్రతి లేకపోవడంతో ఆ ఇల్లు పట్టుకోవడానికే రెండేళ్లు పట్టింది. తిరిగొచ్చేసరికి తల సగం నెరిసింది. నడిపికోడలి పేరు ఏ దస్త్రంలోనూ లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో రాయసగాడికీ తోచలేదు. అవతలి రాజు ఒక ఏడు "చీటీ లేనివాళ్లు ఈ నెలలోపు వచ్చి చెప్పుకుంటే శిక్ష లేదు" అని దండోరా వేయించాడు. అప్పుడు బయటపడింది ఆమె.

రాయసగాడికి మనసు కలుక్కుమంది. 'ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నాను, ఊరికే చేసిపెడతాను, వీళ్లెందుకు రాలేదు?' రాజుకి విన్నవించుకున్నాడు. రాజుగారు వెంటనే స్పందించి శాసనానికి బంగారు పూత వేయించాడు, మరో రాయసగాణ్ని పంపాడు. ఇప్పుడు మధ్యాహ్నం ఇద్దరూ కునుకు తీసేవారు.

చివరికి ముసలమ్మనే అడిగాడు. ఆమె చెప్పింది: "నువ్వు డబ్బు తీసుకోవు బాబూ, నిజమే. నీకాడికి రావాలంటే ఒకరోజు కూలి పోయిద్ది. ఈ మెట్లెక్కాల. ఆ బంట్రోతు చేత మాట పడాల. పని అయిద్దో కాదో తెలవదు. ఇయ్యన్నీ లెక్కేస్తే నీ చీటీ ఆయన చీటీకంటే ఖరీదు. ఆయనకాడ కూచోమంటారయ్యా!"

"మరి ఏం చెయ్యమంటావు?"

"నీ పీట తీసుకుని కిందికి రా."

మర్నాడు రావిచెట్టుకి రెండోవైపు రాయసగాడి పీట పడింది. గొడుగాయన నవ్వాడు. మొదట్లో జనం పీటని వింతగా చూసి, అలవాటుకొద్దీ గొడుగు కిందికే వెళ్లారు. ఒకడు మాత్రం గొడుగు కింద చీటీ రాయించుకుని, పది అడుగులు నడిచి, పీట దగ్గర చదివించుకున్నాడు. చదివిన మాట విని వెనక్కి తిరిగి పెద్ద రగడ చేశాడు. ఆ తర్వాత రేవులో అదే ఆచారమైంది. రాయించుకునేది అక్కడ, చదివించుకునేది ఇక్కడ. పదడుగుల దూరంలో చదివేవాడున్నాడని తెలిశాక గొడుగాయన నోటితో చెప్పిందే కాగితంమీదా పెట్టడం మొదలుపెట్టాడు. అలా రాస్తే గిట్టుబాటు కాలేదు. ఒకరోజు తెల్లారేసరికి గొడుగు లేదు. ఎగువన ఇంకో రేవు ఉంది, అక్కడ పీట లేదు.

నీతి: పేదవాడికి సాయం ఎంత ధరకి దొరుకుతుందని అడిగితే సరిపోదు, ఎంత దూరంలో దొరుకుతుందో కూడా అడగాలి. రాసేవాడి ఎదుట చదివేవాడు కూర్చోనంతకాలం ఆ రాతకి పూచీ లేదు.

నీతి కథకి నీతి చెప్పేసి ఊరుకోవడం ఆచారం. కానీ ఈ కథలో సత్రం ఊహ కాదు. తెనాలిలో ఉంది, బాపట్లలో ఉంది, రేపల్లెలో ఉంది. మూడు ఊళ్ల కోర్టుల్లోనూ మండల న్యాయ సేవాధికార సంస్థ నడుస్తోంది. 1987లో చేసిన న్యాయ సేవల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ, మనుషుల అక్రమ రవాణాకి గురైనవాళ్లకీ, నిర్బంధంలో ఉన్నవాళ్లకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరు ఉచితం. తక్కినవాళ్లకి ఆదాయ పరిమితి ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 లక్షలు. అంటే నిజాంపట్నం రేవులో చేపలు ఎండబెట్టే ఆడమనిషి కువైట్ వెళ్లేముందు తన ఒప్పంద పత్రం తెచ్చి, దీన్ని లాయరు చేత చదివించండి అని రేపల్లె కోర్టులో అడగవచ్చు. కులం అడగరు, రేషన్ కార్డు అడగరు, ఆడది కావడమే చాలు. అలా అడిగినవాళ్లు ఎందరో ఆ కోర్టు మెట్లమీద ఓ పూట కూర్చుంటే తెలుస్తుంది. పోలీసు, కోర్టు అంటే కేసులున్నవాళ్లు వెళ్లేచోటని మన పల్లెల నమ్మకం. కాగితం చదివించుకోవడానికి కోర్టుకి వెళ్లడమేమిటని నవ్వుతారు.

గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ గల్ఫ్ వెళ్లినంతగా మన డెల్టా నుంచి వెళ్లకపోవచ్చు. వెళ్లినవాళ్ల కథ మాత్రం ఒకటే. పది పాసు కానివాళ్ల పాస్‌పోర్టుని ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) కింద పెడతారు. వాళ్లు 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అధికారి అనుమతి తప్పనిసరి. ఆ దేశాల్లో గల్ఫ్ మొత్తం ఉంది, మలేషియా, థాయ్‌లాండ్ కూడా ఉన్నాయి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ పనికి మనుషుల్ని పంపే ఏజెంటు కేంద్రం దగ్గర రిజిస్టరు కావాలి. అతను పనివాడి దగ్గర పుచ్చుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. 18 శాతం కలిపితే 35,400. అంతకు మించి అడిగాడంటే, రసీదు ఇవ్వనన్నాడంటే, అతను ఏ చెట్టు కింద కూర్చున్నాడో తెలిసిపోతుంది. ఏజెంటు లైసెన్సు నంబరు నిజమో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడవచ్చు. మీసేవ కేంద్రంలోనో జిరాక్స్ షాపులోనో ఎవరైనా నిమిషంలో చూసిపెట్టగలరు. ఊళ్లో ఉండే బ్రోకరుకి మాత్రం లైసెన్సు ఉండదు. అతను మనల్ని హైదరాబాదులోనో ముంబైలోనో ఉన్న ఇంకొకడికి అప్పగిస్తాడు. ఆ ఇంకొకడు మరొకడికి. మనతో మాట్లాడినవాడికీ, మన చీటీ రాసినవాడికీ సంబంధమే ఉండదు.

ఇళ్లల్లో పనికి వెళ్లే ఈసీఆర్ ఆడవాళ్ల విషయంలో చట్టం ఇంకా గట్టిది. ముప్ఫై ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రానికి ఆ సంస్థ ఓంక్యాప్. ఇంత గట్టి నిబంధన ఉన్నా విజిట్ వీసా పేరుతో దాటిస్తూనే ఉన్నారు. నడిపికోడలి దారి అదే. విజిట్ వీసా మీద దిగినవాళ్లకి అక్కడ అకామా, అంటే నివాస అనుమతి, ఉండదు, అకామా లేనివాళ్లు ఠాణా గడప తొక్కలేరు. కువైట్ 2018లో, 2020లో, 2024లో మాఫీ ప్రకటించినప్పుడు, ఇంటికి తిరిగొచ్చే ఔట్‌పాస్ కోసం రాయబార కార్యాలయం ముందు మనవాళ్లు వరసకట్టింది ఇందుకే. ఏళ్ల తరబడి దాక్కున్నవాళ్లు ఆ కొద్ది వారాల్లో బయటికొచ్చారు. నిబంధన కఠినమయ్యేకొద్దీ గొడుగు కింద గిరాకీ పెరుగుతుందని ప్రభుత్వాలకి ఎవరు చెబుతారో.

చౌకగా దొరికే న్యాయసాయం ఇంకోటి ఉంది. దాని గురించి చెబితే చాలామంది నమ్మరు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరిగా తీసుకోవాలి. 2017లో సవరించినప్పుడు ప్రీమియం రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375 రూపాయలు పెట్టారు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలన్న సంగతి అందరూ చెబుతారు. ఉద్యోగం విషయంలో వ్యాజ్యం వస్తే 45,000 దాకా కోర్టు ఖర్చు ఇస్తుందన్న వాక్యం ఆ పాలసీలోనే ఉంది. పాలసీ కాగితం ఎవరి దగ్గరుంటుందంటే, సాధారణంగా ఏజెంటు దగ్గర. అది లేకపోయినా, విదేశంలో చిక్కుకున్నవాళ్లకి లాయరు ఖర్చు పెట్టడానికి 2009 నుంచి రాయబార కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఫిర్యాదు ఇంటి దగ్గరున్నవాళ్లు మదద్ పోర్టల్లో పెట్టవచ్చు. అందుకు పాస్‌పోర్టు నంబరు కావాలి. ముసలమ్మ బియ్యపు కుండ ఇక్కడే పనికొస్తుంది.

రేపల్లె కోర్టు లాయరు కువైట్ కోర్టులో వాదించలేడు. వెళ్లేముందు కాగితం చదవగలడు. మోసపోయాక పోలీసులకి ఫిర్యాదు రాయగలడు, అది ఎక్కడికి పంపాలో చెప్పగలడు. మొదటి పని చేయించుకుంటే రెండో పని చాలాసార్లు అవసరం పడదు. అయినా మనం ఎప్పుడూ రెండో పనికే పరిగెడతాం.

తెనాలి వైపు వస్తే గొడుగు ఆకారం మారుతుంది. ఇక్కడది విదేశీ చదువుల కన్సల్టెన్సీ: అద్దాల తలుపు, ఏసీ గది, గోడమీద అమెరికా జెండా. ఇక్కడ ముక్కుపుడక స్థానంలో పొలం కాగితాలు తాకట్టు పడతాయి. చదువుకున్న పిల్లలు మోసపోరనుకుంటాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీని మూసేసినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో ఎక్కువమంది ఆంధ్ర పిల్లలే. కొందరి కాళ్లకి నిఘా పట్టీలు తగిలించారు. దాని యజమానురాలికి 2014లో పదహారున్నర ఏళ్ల శిక్ష పడింది, పిల్లల ఏళ్లు మాత్రం తిరిగి రాలేదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఇంకోటి బయటపడింది. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, పట్టుకోవడానికి వేసిన వల. తొలి విడతలో చిక్కిన భారతీయులు 129 మంది, ఎక్కువమంది తెలుగువాళ్లు. వాళ్లని చేర్పించి కమీషన్ తిన్నారని ఎనిమిదిమందిమీద కేసు పెట్టారు. పిల్లల్ని నమ్మించింది యూనివర్సిటీ వెబ్‌సైటు కంటే ఎక్కువగా మనవాడే అన్న మాట. తెలుగు మాట్లాడతాడు, ఫోనెత్తుతాడు, రూముకి తీసుకెళ్లి పప్పన్నం పెడతాడు.

అక్కడ పట్టుబడ్డాక లాయరు కావాలంటే ఇంకో చిక్కు. నేరం కేసులో పేదవాడికి ప్రభుత్వమే లాయరుని ఇచ్చే అమెరికాలో, ఇమ్మిగ్రేషన్ కోర్టులో మాత్రం ఇవ్వదు. లాయరుని పెట్టుకునే హక్కుంది, ఖర్చు నీదే అంటుంది చట్టం. ఆ ఖాళీ పూడ్చడానికి అక్కడ స్వచ్ఛంద సంస్థలున్నాయి. చర్చిలు, శరణార్థుల సంఘాలు నడిపేవి. న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులు వాటిలో కూర్చుని, లాయరు కాకపోయినా, నామమాత్రపు ఫీజుకి కాగితాలు నింపిపెడతారు, వాదిస్తారు. బర్మా నుంచీ, ఆఫ్రికా నుంచీ వచ్చిన శరణార్థులు ఆ తలుపులు తడతారు. మన తెలుగు పిల్లలు తట్టరు. ఉచితమంటే పనికిరానిదనో, పేదవాళ్ల వరసలో నిలబడటం నామోషీ అనో. ఎంత అప్పులో ఉన్నా మనం మధ్యతరగతి అనే భ్రమ ఒకటి తెనాలి నుంచి డల్లాస్ దాకా మనతో వస్తుంది. ఫార్మింగ్టన్ సమయంలో తెలుగు సంఘాలు పూనుకుని లాయర్లతో మాట్లాడించాయి, మంచిదే. సంక్రాంతి సంబరాలకి హాలు బుక్ చేసినంత శ్రద్ధ ఏడాది పొడుగునా దీనిమీద పెడితే ఇంకా మంచిది.

మళ్లీ మన రేవుకి వస్తే, పీట ఎవరు వేస్తారన్నది ప్రశ్న. వేసే ఏర్పాటు కాగితంమీద ఉంది. న్యాయ సేవాధికార సంస్థల కింద 2009 నుంచి పారా లీగల్ వాలంటీర్లు ఉన్నారు. ఊళ్లో మనిషికే కాస్త శిక్షణ ఇచ్చి, మిగతా జనానికీ లాయరుకీ మధ్య నిలబెట్టే పథకం. 2019 అక్టోబరు 2 నుంచి మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు ఉన్నాయి. చదువుకున్న ఉద్యోగులు, కంప్యూటరు, ఇంటర్నెట్, కూర్చోడానికి కుర్చీ అన్నీ ఊళ్లోనే. వారానికి ఒక పూట ఆ వాలంటీరు సచివాలయంలో కూర్చుని విదేశం వెళ్లేవాళ్ల కాగితాలు చదివి చెబితే కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ కాదు. నిజాంపట్నం హార్బరులో వేలం ముగిసే వేళ, తెనాలి నిమ్మకాయల మార్కెట్లో హమాలీలు ఖాళీగా ఉండే వేళ, సూర్యలంకలో వేటకి విరామం ఇచ్చే రోజుల్లో ఆ వాలంటీర్లు అక్కడే ఉండాలి. ఏటా నవంబరు 9న న్యాయ సేవల దినోత్సవమని ర్యాలీ తీసి, బ్యానరు పట్టుకుని ఫొటో దిగితే శాసనానికి బంగారు పూత వేసినట్టే.

2024లో కంబోడియా కథ బయటపడింది గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేయించే ముఠాలకి అప్పగించారు. విశాఖ పోలీసులు ఏజెంట్లని పట్టుకున్నారు, చిక్కుకున్నవాళ్లు కొందరు తిరిగొచ్చారు. వెళ్లినవాళ్లు డిగ్రీలు చదివిన కుర్రాళ్లు. వాళ్ల పాస్‌పోర్టుకి ఈసీఆర్ ముద్ర ఉండదు, వలస అధికారి వాళ్లని చూడడు, పైగా కంబోడియా ఆ 18 దేశాల్లో లేదు. చట్టం గీసిన గీత ఒకచోట ఉంటే మోసం ఇంకోచోటినుంచి వెళ్లింది. ఎగువ రేవు అంటే ఇదే.

లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపేవాడికి 1983 చట్టం వేసే శిక్ష రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. ఒక్క చీటీమీద లక్షన్నర మిగుల్చుకునేవాడికి రెండు వేలు ఏ మూలకి? దాన్ని మార్చాల్సింది ఢిల్లీ. మార్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటి అదే చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. మామూలుగా ఈ నేరాలమీద కోర్టుకి వెళ్లాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. మోసపోయిన మనిషే ఫిర్యాదు చేస్తే, లేదా ఆ మనిషి తరఫున తల్లి, తండ్రి, భర్త, భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరు చేసినా ఆ అనుమతి అక్కర్లేదు. కువైట్‌లో చిక్కుకున్న కూతురి తరఫున రేపల్లెలో తల్లి కేసు పెట్టవచ్చు. ఆమెకి ఆ కాగితం ఉచితంగా రాసిపెట్టాల్సిన మనిషి ఆ కోర్టు ఆవరణలోనే ఉన్నాడు. ఫోను చేసి అడగాలంటే న్యాయ సేవల నంబరు 15100, ప్రవాసీ సహాయ కేంద్రం నంబరు 1800 11 3090. రెండూ ఉచితం.